డిసెంబర్ మొదటి శనివారం

మా టాలో క్రీక్‌లో దాణా కొట్టు ముందు ఎప్పుడూ నలుగురైదుగురు మగవాళ్ళు కూర్చుని ఉంటారు. వాళ్ళను, బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తే మా ఫుట్‌బాల్ ఆ ఏటి సీజన్ గురించి అడిగితే చాలు, మొదటి ఆట నుంచి చివరి ఆట దాకా ఏ నిమిషంలో బంతి ఎవరి చేతిలో ఉందో పూసగుచ్చినట్టు చెప్తారు. హాకెట్ స్టేట్ కాలేజీ జట్టు ఆ ఏడు ఏం చేసిందో వాళ్ళకు తమ పెళ్ళిరోజుకన్నా బాగా గుర్తు. మా ఇంట్లో ఏం జరిగిందో మాత్రం చెప్పరు. తెలియక కాదు. నేను కోళ్ళ మేత కోసం వెళ్ళగానే మాట మార్చి వాన గురించి మాట్లాడతారు.

నేను చెప్పేది ఆట గురించి కాదు. పంతొమ్మిదేళ్ళపాటు నన్ను ఆట చూడనివ్వలేదు.

అది ఇలా మొదలైంది. ఒక శనివారం వేయించిన కోడి ముక్కల పళ్ళెం పట్టుకుని ముందు గదిలోకి వెళ్ళాను. సరిగ్గా అప్పుడే మావాళ్ళు తన్నిన బంతి గోలు కర్రకు తగిలి వెనక్కి వచ్చింది. మరుసటి ఏడు ఉతికిన బట్టల బుట్టతో ఆ గది దాటుతుంటే, గెలవాల్సిన ఆటలో మా కుర్రాడు బంతి జారవిడిచాడు. నా మరిది హాయిట్ టోపీ తీసి నేలకేసి కొట్టాడు. "వదిన కాలు పెట్టిందంటే మన పని అయిపోయినట్టే" అన్నాడు. నా భర్త రాయిస్ నవ్వలేదు. "వెర్నా, ఇకనుంచి ఆట ఉన్నప్పుడు నువ్వు వెనక వసారాలో కూర్చో" అన్నాడు. నేను కూర్చున్నాను. ఒళ్ళో గిన్నె పెట్టుకుని పెకాన్ కాయలు ఒలుస్తూ, గోడ అవతలి అరుపులను బట్టి గెలుస్తున్నారో ఓడుతున్నారో తెలుసుకునేదాన్ని.

నాకు మొదటినుంచీ భయాలు ఎక్కువ. సుడిగాలి సైరన్ మోగకముందే, దాక్కోవడానికని స్నానాల తొట్టిలో దుప్పట్లు పరిచి పెట్టే మనిషిని. మా అమ్మాయి ట్రెస్సా కారు తీసిందంటే, అది తిరిగి వచ్చేదాకా కిటికీ దగ్గరే ఉంటాను. అలాంటి నేను, జీవితంలో ఒక్కసారి భయపడాల్సిన చోట భయపడలేదు.

ఫిబ్రవరిలో వంటింటి బల్ల దగ్గర పెళ్ళి తేదీ గురించి మాట్లాడుకుంటున్నాం. ట్రెస్సా నర్సింగ్ చదువు నవంబరు ఆఖరుకు అయిపోతుంది. చేసుకోబోయే గ్రేడీ నదిలో సరుకు బార్జీలు లాగే పడవ మీద పని చేస్తాడు. ఒక నెలంతా నీళ్ళ మీద, ఒక నెలంతా ఇంట్లో. చదువు అయ్యాక అతనికి దొరికే మొదటి సెలవు డిసెంబరు. డిసెంబరులో మా చర్చి రెండో శనివారం నుంచీ క్రిస్మస్ నాటకాలకు పోతుంది. ఇక మిగిలింది మొదటి శనివారమే.

"అది ఫైనల్ రోజు కదమ్మా" అంది ట్రెస్సా.

మా వైపు సెప్టెంబరు నుంచి నవంబరు దాకా శనివారం పెళ్ళి పెట్టేవాడు ఉండడు. పెట్టినా చర్చి ఖాళీగా ఉంటుంది. డిసెంబరు మొదటి శనివారం అట్లాంటాలో జరిగే ఫైనల్‌కు వెళ్ళే రెండు కాలేజీల వాళ్ళు తప్ప, మిగతా అందరికీ ఆ రోజు ఖాళీయే.

"మనకెందుకే ఫైనల్ గొడవ?" అన్నాను. "మనవాళ్ళు పోయినేడు గెలిచింది రెండు ఆటలు. నా జన్మలో ఆ గడప తొక్కరు."

రాయిస్ దగ్గొచ్చేదాకా నవ్వాడు. పెన్ను తీసి, గోడ మీది కాలెండరులో ఆ తేదీ చుట్టూ తనే గీత గీశాడు. 'ట్రెస్సా' అని తనే రాశాడు.

ఆగస్టులో శుభలేఖలు పంపాం. సెప్టెంబరు మొదటి ఆటలోనే మావాళ్ళు, పేరు కూడా వినని ఒక చిన్న కాలేజీ చేతిలో ఒక్క పాయింటుతో ఓడారు. నేను నిశ్చింతగా పూలవాళ్ళకు ఫోన్ చేశాను. రెండో వారం బంతి విసిరే కుర్రాడి మోకాలు విరిగింది. మూడో వారం అతని బదులు ఆడాల్సినవాడికి గవదబిళ్ళలు వచ్చాయి. మూడోవాడు, ఇంటిపేరు ఎవరికీ నోరు తిరగని ఒక బక్కపలచటి కుర్రాడు, మైదానంలోకి దిగాడు. అక్కడినుంచి మొదలైంది. ఒక ఆటలో అవతలివాళ్ళ బంతి వాళ్ళ మనిషి తలకాయకే తగిలి మావాడి చేతిలో పడింది. ఇంకో ఆటలో పొగమంచు దిగి ఎవరికీ ఎవరూ కనపడలేదు. మంచు తేలేసరికి మావాళ్ళు అవతలి గీత దాటి ఉన్నారు. అక్టోబరులో అందరికన్నా అధమమైన జట్టు చేతిలో నలభై అయిదు, మూడుతో చిత్తుగా ఓడారు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. మరుసటి శనివారం అందరికన్నా పై జట్టును వాళ్ళ మైదానంలోనే ఓడించి వచ్చారు.

గెలిచినప్పుడల్లా తపాలా పెట్టెకు, మా జట్టు రంగని, ఆకుపచ్చ తువ్వాలు కట్టడం మా వీధి ఆనవాయితీ. ఇక రాయిస్‌కు వేరే ఒకటి ఉంది. గెలుపు మొదలయ్యాక ఆట చొక్కా ఉతకనివ్వడు. దాన్ని నేను కూర్చునే వసారాలో, నా కుర్చీ వెనకే మేకుకు తగిలించేవాడు. అక్టోబరు సగమయ్యేసరికి ఆ చొక్కా మేకు లేకుండానే నిలబడేట్టు ఉంది.

చర్చిలో ఆడవాళ్ళు మొదలుపెట్టారు. "వెర్నా, ఎందుకైనా మంచిది, తేదీ కాస్త అటూ ఇటూ జరపకూడదా?" పాస్టర్ గారు ప్రసంగం అయ్యాక గుమ్మం దగ్గర నా చెయ్యి పట్టుకుని, దేవుడి చిత్తం మనకు తెలియదు కదా అన్నారు. ఆ మాట నా కూతురి గురించో జట్టు గురించో ఆయన చెప్పలేదు.

అక్టోబరులో గ్రేడీ సెలవు మీద వచ్చినప్పుడు, వాళ్ళ నాయనమ్మ మిస్ ఓపల్‌ను తీసుకుని మా ఇంటికి భోజనానికి వచ్చాడు. గ్రేడీకి తల్లిదండ్రులు లేరు, ఆవిడే పెంచింది. ఎనభై రెండేళ్ళు, చేతికర్ర, మెడకు ముదురెరుపు గుడ్డ. కార్విల్ కాలేజీ రంగు అది. నదికి అటుపక్కవాళ్ళంతా కార్విల్ మనుషులే. తొమ్మిదేళ్ళుగా ఏటా మమ్మల్ని ఓడిస్తున్నది వాళ్ళే.

"రాయిస్, నీ చొక్కా వాసన గేటు దగ్గరికే ఎదురొచ్చింది" అంది కూర్చుంటూనే. "గెలుపు వాసన ఇలా ఉంటుందా? మేం బోలెడన్నిసార్లు గెలిచాం గానీ ఎప్పుడూ స్నానం మానలేదయ్యా."

"అలవాటు పడండి మిస్ ఓపల్. నవంబర్లో ఇంకా దగ్గర్నించి వస్తుంది."

"రానీ చూద్దాం. తొమ్మిదేళ్ళుగా చూస్తూనే ఉన్నాంగా."

గ్రేడీ పళ్ళెంలోకి తల దించుకుని బీన్స్ తింటున్నాడు. నేను మొక్కజొన్న రొట్టె అందరికీ రెండోసారి వడ్డించాను. అడ్డుపడాలని చేస్తున్నానని ముసలావిడకు తెలుసు. రొట్టె తీసుకుని, వెన్న రాసుకుని, తాపీగా అడిగింది.

"పొరపాటున మీవాళ్ళు అట్లాంటా వెళ్ళారనుకో. మరి పిల్ల చెయ్యి పట్టుకుని నడిపించేదెవరు?"

రాయిస్ నవ్వాడు. ఫిబ్రవరిలో నవ్విన నవ్వు కాదు. "తినండి, చల్లారిపోతుంది" అన్నాడు.

ట్రెస్సా వాళ్ళ నాన్న మొహం వంకే చూస్తూ కూర్చుంది.

నవంబరు వచ్చింది. పదో ఆట గెలిచారు. జడలు వేసే అమ్మాయి ఫోన్ చేసి, పెళ్ళిరోజు తనకు ఒంట్లో బాగుండకపోవచ్చు అని చెప్పింది. మూడు వారాల ముందే. శుభలేఖలకు జవాబు కార్డులు ఒక్కొక్కటే వస్తున్నాయి: రాలేకపోతున్నాం, రాలేకపోతున్నాం. దాణా కొట్టు దగ్గర కూర్చునే ఆ నలుగురైదుగురి ఇళ్ళనుంచీ వచ్చాయి. పదకొండో ఆట కూడా గెలిచారు. ఇక నవంబరు ఆఖరి శనివారం కార్విల్ మీద గెలిస్తే అట్లాంటాయే.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చాక ట్రెస్సా బల్ల మీద కార్డుల కట్ట పెట్టింది.

"డాడీ, ఒక్క మాట చెప్పు. వాళ్ళు గెలిస్తే ఆ శనివారం నువ్వెక్కడుంటావు?"

"ముందు గెలవనీ."

"గెలిస్తే?"

"ఆ తేదీ పెట్టింది నేనా? మీ అమ్మ."

"రాసింది నువ్వు."

రాయిస్ కిటికీ మీద పెట్టిన ఆకుపచ్చ టోపీ అందుకున్నాడు. అది వాళ్ళ నాన్నది. అంచంతా పీచులు తేలిపోయింది. ప్రతి ఆటకూ దాన్ని వెంట తీసుకెళ్తాడు, పెట్టుకోడు, మోకాలి మీద ఉంచుకుంటాడు.

"మా నాన్న నలభయ్యేళ్ళు అదే సీట్లో కూర్చున్నాడు" అన్నాడు. "ఒక్క ఫైనల్ చూడకుండా పోయాడు. ఆస్పత్రిలో ఆఖర్న అడిగింది కూడా స్కోరే. నీకేం తెలుసు?"

"తాతయ్య నా పెళ్ళి కూడా చూడడు డాడీ. నువ్వు చూడొచ్చు."

నేను మధ్యలోకి వెళ్ళాను. "పొద్దున పదింటికే పెట్టుకుందాం. పాస్టర్ గారితో నేను మాట్లాడతా. ఆట మూడింటికి కదా, ఇంటికొచ్చి టీవీలో చూసుకో."

రాయిస్ నావైపు తిరిగాడు. "టీవీలోనా? నువ్వున్న ఇంట్లోనా?"

ట్రెస్సా కార్డులు ఏరుకుని తన గదిలోకి వెళ్ళిపోయింది. ఆ వారమంతా ఇంట్లో నీళ్ళు కావాలా, తలుపు వేశావా లాంటి మాటలే నడిచాయి. నాకు మాత్రం లోపల ఇంకో మాట నడిచేది. పైకి చెప్పలేనిది. మావాళ్ళు ఓడిపోవాలి.

ముప్పై రెండేళ్ళు ఆకుపచ్చ ఇంట్లో కాపురం చేసి, బుధవారం ప్రార్థన కూటంలో తల వంచుకుని, బక్కపలచటి కుర్రాడి చెయ్యి జారాలని ప్రార్థించాను. వాడికీ ఒక తల్లి ఉంటుంది, ఆమె నాలాగే ఎక్కడో కళ్ళు మూసుకుని కూర్చుంటుంది అని తెలిసే ప్రార్థించాను.

కార్విల్‌తో ఆట వాళ్ళ ఊళ్ళో. కాబట్టి రాయిస్, హాయిట్ మా ముందు గదిలో టీవీ దగ్గర ఉన్నారు. నేను వసారాలో ఖాళీ మేకు కింద కూర్చున్నాను. మధ్యాహ్నం ఎండ బాగా ఉంది. కాయలు ఒలుస్తున్నాను. గోడ అవతల ఒకసారి అరుపు, ఒకసారి బూతు, ఒకసారి బల్ల మీద గుద్దు. ఇరవై మూడు, ఇరవై ఒకటి అని హాయిట్ గొంతు వినపడింది. మావాళ్ళే ముందున్నారు. ఇంకా ఏడు నిమిషాలు.

నేను చేతులు తుడుచుకున్నాను. ఒళ్ళోని గిన్నె కింద పెట్టాను. లేచి, వంటింట్లోంచి నడిచి, ముందు గది గుమ్మంలో నిలబడ్డాను.

వాళ్ళిద్దరి వీపులే కనపడుతున్నాయి. రాయిస్ మోకాలి మీద టోపీ. నేను టీవీని రెప్ప వేయకుండా చూశాను. పంతొమ్మిదేళ్ళుగా నా కళ్ళలో ఏదో ఉందన్నారు కదా, అదంతా ఆ అద్దంలోకి పంపాను. పని చేస్తున్నట్టే ఉంది. కార్విల్ వాళ్ళు బంతి పట్టుకుని ముందుకు, ముందుకు వచ్చేశారు. నాలుగు సెకన్లు మిగిలాయి. గోలు కర్రలకు చాలా దగ్గరలో నిలబెట్టి తన్నబోతున్నారు. చిన్నపిల్లలు కూడా తన్నేంత దూరం; కర్రల మధ్యనుంచి పోతే మూడు పాయింట్లు, ఆట వాళ్ళదే. రాయిస్ తల చేతుల్లో పెట్టుకున్నాడు. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. నా కూతురి పెళ్ళి దక్కింది అనుకున్నాను.

బంతి లేచింది. కర్రకు తగిలి వెనక్కి పడింది.

హాయిట్ సోఫా మీదికి ఎక్కి గంతులు వేస్తున్నాడు. రాయిస్ నేల మీద మోకరిల్లి టోపీని మొహానికి ఆనించుకున్నాడు. వాళ్ళు ఇటు తిరిగేలోగా నేను వెనక్కి అడుగులు వేశాను. వంటింట్లో ట్రెస్సా నిలబడి ఉంది. నన్ను చూసింది, ఎక్కడ నిలబడ్డానో చూసింది, ఎందుకో కూడా దానికి అర్థమైంది. సొరుగు లాగి ఆకుపచ్చ తువ్వాలు తీసి నా చేతిలో పెట్టింది.

"వెళ్ళి కట్టమ్మా. లేకపోతే అడుగుతారు."

కట్టి వచ్చి మళ్ళీ వసారాలో కూర్చున్నాను. ఒలిచిన పప్పులు గిన్నె నిండా ఉన్నాయి. చాలాసేపు వాటినే చూశాను. నేను గదిలో ఉండగా వాళ్ళు గెలిచారు. ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు.

శుక్రవారం పొద్దున్నే హాయిట్ ట్రక్కు వచ్చి వాకిట్లో ఆగింది. యాంటెన్నాకు ఆకుపచ్చ గుడ్డలు. రాయిస్ కొత్త సూటు ఇస్త్రీ చేసి తలుపుకు తగిలించి ఉంచాను. అతను దాని పక్కనుంచి ఒరిగి, మేకు మీది చొక్కా తీసి సంచిలో పెట్టుకున్నాడు.

"పిల్లకి చెప్పావా?" అన్నాను.

"దానికి తెలుసు."

"నువ్వు చెప్పావా?"

"ఇలాంటిది మళ్ళీ ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు, వెర్నా."

"పెళ్ళి ఏటా వస్తుందనుకున్నావా?"

సంచి జిప్పు లాగాడు. "మనవాళ్ళు నీ జన్మలో ఆ గడప తొక్కరన్నావు చూడు, అక్కడ మొదలైంది ఇదంతా. నీకు వాళ్ళ మీద నమ్మకం ఎప్పుడూ లేదు. దేని మీదా లేదు." టోపీ చేతిలో పట్టుకుని వెళ్ళాడు. ట్రెస్సా గది తలుపు మూసే ఉంది. దాని ముందు ఒక్క క్షణం ఆగాడు. నేను చూశాను కాబట్టి చెప్తున్నాను, ఆగాడు. హాయిట్ హారన్ కొట్టాడు.

శనివారం మధ్యాహ్నం రెండున్నరకు, చర్చి గుమ్మంలో నేనూ నా కూతురూ నిలబడి ఉన్నాం. కుడివైపు గ్రేడీ మనుషులు బల్లలు కిక్కిరిసి ఉన్నారు. ఎడమవైపు, మా వైపు, పదకొండు మంది. అందులో ఇద్దరు పియానో వాయించేవాళ్ళ పిల్లలు. నేను ఆ రోజు కోసం వానకు భయపడ్డాను, కేకు కూలుతుందని భయపడ్డాను, గ్రేడీ ఉంగరం మర్చిపోతాడని భయపడ్డాను. ఖాళీ బల్లలకు భయపడాలని తట్టలేదు.

"ఈ ఎత్తు మడమల చెప్పులతో నడవలేనే, పడతానేమో" అన్నాను.

"పడితే ఇద్దరం పడదాంలే" అని నా మోచెయ్యి పట్టుకుంది ట్రెస్సా.

పియానో మొదలైంది. మేం రెండడుగులు వేశామో లేదో కుడివైపు ముందు వరసలో కర్ర చప్పుడు. మిస్ ఓపల్ లేచి నిలబడింది. నడవ అడ్డంగా దాటుకుని మా వైపు మొదటి బల్ల మీద కూర్చుంది. పియానో ఆగిపోయింది. ఆవిడ వెనక్కి తిరిగి తనవాళ్ళను చూసింది.

"అక్కడ ఇరుగ్గా ఉంది. సగం మంది ఇటు రండి."

ముదురెరుపు టైలు కట్టుకున్న మనుషులు ఒక్కొక్కరే లేచి వచ్చారు. నేను ఆవిడ పక్కనుంచి వెళ్తుంటే నా చెయ్యి పట్టి ఆపింది.

"మాకు ఇవాళ చూడ్డానికి ఆట మిగల్చలేదు మీవాళ్ళు" అంది. "ఇదైనా సరిగ్గా చూడనీ. మెల్లగా నడువు."

మెల్లగానే నడిచాను. పడలేదు.

తర్వాత చర్చి హాల్లో విందు. ఎవరో వంటగదిలో టీవీ పెట్టారు. మగవాళ్ళు పళ్ళేలు పట్టుకుని ఒక్కొక్కరే అటు జారుకున్నారు. నేను వెళ్ళలేదు. పండ్లరసం గిన్నె దగ్గర నిలబడి గరిటెతో పోస్తూనే ఉన్నాను. ట్రెస్సా గ్రేడీ భుజం మీద తల పెట్టి నాట్యం చేస్తుంటే దాన్నే చూశాను. ఆరుగంటలప్పుడు వంటగదిలోంచి పెద్దగా చప్పట్లు వినపడ్డాయి. అక్కడున్నది కార్విల్ మనుషులు కదా, మావాళ్ళు ఓడిపోయారని నాకు అలా తెలిసింది. నేను సంతోషించలేదు. ఏమీ అనిపించలేదు. ఎవరిదో గ్లాసు ఖాళీగా ఉంటే నింపాను.

రాయిస్ ఆదివారం మధ్యాహ్నం వచ్చాడు. హాయిట్ ట్రక్కు ఆగకుండానే వెళ్ళిపోయింది. రాయిస్ సంచి వంటింట్లో పెట్టి, బల్ల దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. రెండు రోజుల గడ్డం. మిగిలిన పెళ్ళి కేకు రేకు కింద కప్పి బల్ల మీదే ఉంది. దాని వంక చూశాడు. ఇప్పుడు అడుగుతాడు, పిల్ల ఎలా ఉంది అని అడుగుతాడు అనుకున్నాను. తెల్లగౌను గురించి, మిస్ ఓపల్ గురించి చెప్పడానికి మాటలు కూడా వెతుక్కున్నాను. అడిగి ఉంటే చెప్పేదాన్ని. అంతా చెప్పేదాన్ని.

"ఆఖరి నిమిషం దాకా మనమే ముందున్నాం" అన్నాడు.

"అలాగా."

"పదకొండు సెకన్లు. పదకొండు సెకన్లుంటే బంతి చేతిలోంచి జారిపోయింది." టోపీ అంచు పీచులు లాగుతున్నాడు. "చర్చి హాల్లో టీవీ పెట్టారట కదా."

"పెట్టారు."

అతను తల ఎత్తాడు. "నువ్వు చూశావా?"

నా కూతురు పెళ్ళి చేసుకుని నది దాటి వెళ్ళిపోయి ఇరవై గంటలు కాలేదు.

"చూశాను" అన్నాను. "మొదటినుంచి చివరిదాకా. ముందు కుర్చీలో కూర్చుని."

రాయిస్ చేతిలోని టోపీ బల్ల మీద పెట్టాడు. నమ్మాడు. నమ్ముతాడని నాకు తెలుసు. లేచాడు. వెనక తలుపు తీసుకుని వసారాలోకి వెళ్ళి నా కుర్చీలో కూర్చున్నాడు.

నేను ముందు గదిలోకి వెళ్ళి, అతని కుర్చీలో కూర్చుని, టీవీ పెట్టాను. ఏదో వంటల కార్యక్రమం వస్తోంది. గోడ అవతలికి వినపడేలా శబ్దం పెంచాను.